ఒకరి ఫీజు పేజీలో ఇంకొకరి పిల్లాడు కనిపిస్తున్నాడు: జాంగో టెంప్లేటు, క్యాష్ మీద అనుమానం

అర్ధరాత్రి_డిప్లాయ్ · బుధవారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. చేతులు వణుకుతున్నాయి, అచ్చుతప్పులుంటే సర్దుకోండి.

మేం ఒక స్కూలుకి ఫీజుల పోర్టల్ నడుపుతున్నాం. స్కూలు పేరు, మా కంపెనీ పేరు అడగొద్దు. తల్లిదండ్రులు ఫోన్ నంబరు, ఓటీపీతో లాగిన్ అవుతారు. మొదటి పేజీలో పైన ఒక పెట్టె ఉంటుంది. పిల్లల పేరు, తరగతి, రోల్ నంబరు, టర్ము ఫీజు, కట్టింది, బాకీ, బస్సు ఏ స్టాపులో ఎక్కుతారో అన్నీ అందులోనే. ఇవాళ సాయంత్రం ఫీజు గడువు గురించి అందరికీ ఎస్సెమ్మెస్ వెళ్లింది. ఏడింటికి ఒక తండ్రి స్కూలు వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టాడు. "మా పాప రెండో తరగతి. ఈ తొమ్మిదో తరగతి బాబు ఎవరండీ? ఇతని బాకీ 18,500 నేను కట్టాలా?" అని. గ్రూపులో 200 మందికి పైనే ఉన్నారు. పది నిమిషాల్లో ఇంకో ముగ్గురు "నాకూ అంతే" అన్నారు.

పేజీలో మిగతా అంతా సరిగ్గా ఉంది. పైన మెనూలో పేరు వాళ్లదే, కింద పాత రసీదులు వాళ్లవే. ఆ ఒక్క పెట్టెలోనే వేరే పిల్లలు. రిఫ్రెష్ కొడితే పిల్లాడు మారిపోతున్నాడు!

సైటు జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) రాశాం, ముందు ఎంజినెక్స్ (రిక్వెస్టులు అందుకునే వెబ్ సర్వరు), వెనక గునికార్న్ (జాంగో కోడ్‌ని నడిపే సర్వరు). సోమవారం రాత్రి 11కి ఒక రిలీజ్ వెళ్లింది. డేటాబేసు తెరిచి చూశాను, ఎవరి రికార్డు వాళ్ల దగ్గరే భద్రంగా ఉంది. రీస్టార్ట్ చేసి నా టెస్ట్ అకౌంటుతో ఏడెనిమిది సార్లు చూశాను, సరిగ్గానే వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే ఒకావిడ స్కూలుకి ఫోన్ చేసింది, "మా అమ్మాయి పేరు డెమో కుమార్ అని వస్తోంది" అని. డెమో కుమార్ నా టెస్ట్ అకౌంటులో పిల్లాడు.

మా మేనేజరు గంటకోసారి రీస్టార్ట్ కొట్టేలా క్రాన్ పెట్టెయ్యమంటున్నాడు. నా అనుమానం టెంప్లేటు (పేజీ నమూనా ఫైలు), క్యాష్ (ఒకసారి తయారైనదాన్ని దాచి మళ్లీ వాడుకోవడం) మీద. ఎక్కడ వెతకాలో చెప్పండి.

క్లౌడ్_రాజా · రాత్రి 10:49

సీడీఎన్ (సైటు కాపీలు దాచి పంచే బయటి సర్వర్లు) బ్రో. కళ్లు మూసుకుని చెప్తా. దాచిందంతా తుడిచెయ్, పర్జ్ కొట్టు. 2015 క్రిస్మస్ రోజు ఆటలమ్మే సైటు స్టీమ్‌లో జరిగింది ఇదే. సైటు మీద దాడి జరుగుతోందని హడావిడిగా క్యాష్ నియమాలు మార్చారు, ఆ కొత్త సెట్టింగులో తప్పుంది. ఒకరి కోసం తయారైన పేజీ ఇంకొకరికి వెళ్లింది. గంటన్నరలో దాదాపు 34,000 మంది వివరాలు బయటపడ్డాయి. బిల్లింగ్ చిరునామాలు, ఈమెయిళ్లు, కార్డు చివరి రెండంకెలు.

అర్ధరాత్రి_డిప్లాయ్ · రాత్రి 10:53

పర్జ్ కొట్టాను, ఏం మారలేదు. మా సీడీఎన్ మీద బొమ్మలు, సీఎస్ఎస్ మాత్రమే పోతాయి, పేజీలు పోవు.

పాతకాపు · రాత్రి 10:58

రాజా గారూ, స్టీమ్ సంగతి నిజమేనండి, కానీ ఈ బాబు రాసింది ఒకసారి మళ్లీ చదవండి. మెనూలో పేరు సరైనది, రసీదులు సరైనవి, మధ్యలో ఒక్క పెట్టె తప్పు. సీడీఎన్ గానీ ఎంజినెక్స్ గానీ పేజీని మొత్తంగానే దాచుకుంటాయి. తప్పితే పేజీ మొత్తం పక్కింటివాళ్లది రావాలి. ఒక ముక్కే తప్పిందంటే దొంగ లోపలే ఉన్నాడు, పేజీ అతికే చోట.

డల్లాస్_వదిన · రాత్రి 11:02

ఇక్కడ లంచ్ టైము, అందుకే వచ్చాను. నా మొదటి అనుమానం సెషన్లు (లాగిన్ అయింది ఎవరో సర్వరు పెట్టుకునే గుర్తులు) కలిసిపోవడం. 2021 మార్చి 8న కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ అందర్నీ ఒక్కసారిగా లాగౌట్ చేసింది గుర్తుందా? ఒక రిక్వెస్టుకి వాడిన వస్తువునే సర్వరు తర్వాతి రిక్వెస్టుకీ వాడుకుంటుంటే, పక్కనే ఇంకో థ్రెడ్ దాన్ని పట్టుకుని కూర్చుంది. చాలా అరుదుగా ఒకరి సెషన్ ఇంకొకరి బ్రౌజరుకి పోయింది.

కానీ అక్కడ లాగిన్ అయిన సెషన్లలో 0.001 శాతం లోపే తగిలింది. రేస్ కండిషన్ (రెండు పనులు ఒకేసారి ఒకే వస్తువు మీద పడటం) అంటే అలా ఎప్పుడో ఒకసారి మెరుస్తుంది. నీ దగ్గర అడిగిన ప్రతివాళ్లకీ వస్తోంది. అందుకే నా అనుమానం మీద నాకే నమ్మకం లేదు.

కరీంనగర్_అన్న · రాత్రి 11:05

తమ్మీ, ఒక్క పని చెయ్యి. ఒకటే అకౌంటుతోని ఇరవై సార్లు రిఫ్రెష్ కొట్టు. వచ్చిన పేర్లు కాయితం మీద రాయి. ఎంతమంది పోరగాండ్లు తిరుగుతున్నరో లెక్కపెట్టి చెప్పు.

అర్ధరాత్రి_డిప్లాయ్ · రాత్రి 11:11

రాశానన్నా. ఇరవై సార్లలో నలుగురే. తొమ్మిదో తరగతి బాబు, ఎల్‌కేజీ పాప, ఆరో తరగతి అబ్బాయి, డెమో కుమార్. వీళ్లే మళ్లీ మళ్లీ వస్తున్నారు.

కరీంనగర్_అన్న · రాత్రి 11:12

గునికార్న్‌ల వర్కర్లు (రిక్వెస్టులకు జవాబిచ్చే ప్రాసెస్‌లు) ఎంతమంది?

అర్ధరాత్రి_డిప్లాయ్ · రాత్రి 11:13

4.

అన్నా!

కరీంనగర్_అన్న · రాత్రి 11:19

గదే. సెట్టింగులల్ల క్యాష్ గురించి ఏం రాయకపోతే జాంగో తనంతట తను వాడేది లోకల్ మెమరీ. అది ప్రాసెస్‌కొకటి. ఒకరి డబ్బా ఇంకొకరికి కనవడదు. నలుగురు వర్కర్లు, నాలుగు డబ్బాలు, ఒక్కో డబ్బాల ఒక్కో పోరడు. నీ రిక్వెస్టు ఏ వర్కరు చేతిల పడితే ఆ పోరడు వస్తడు. రేస్ లేదు, సెషన్ లేదు. నువ్వు రీస్టార్ట్ చేసి ముందుగాల నువ్వే చూసినవ్ గద, అందుకే డెమో కుమార్ డబ్బాలల్ల ఎక్కిండు. నీకు మంచిగనే కనవడ్డది, మిగిలినోళ్లకు నీ డెమో కుమార్ పోయిండు.

ఇప్పుడు ఆ పెట్టె ఉన్న టెంప్లేటు తెరువు. చుట్టూ క్యాష్ ట్యాగు ఉన్నదా?

అర్ధరాత్రి_డిప్లాయ్ · రాత్రి 11:31

దొరికింది. ఇక్కడ ఇంగ్లీషు అక్షరాల్లో కోడ్ అతికిస్తే సైటు మింగేస్తోంది కాబట్టి పలికినట్టే రాస్తున్నా. ట్యాగులో ఇలా ఉంది:

కాష్ 3600 డ్యూస్ చైల్డ్.ఐడీ

గంటసేపు దాచు, ముక్క పేరు డ్యూస్, పిల్లాడి ఐడీని బట్టి వేరువేరుగా దాచు అని అర్థం. చూడ్డానికి సరిగ్గానే ఉంది కదా? రెండేళ్లుగా ఇలాగే ఉంది, రెండేళ్లుగా సరిగ్గానే పనిచేసింది.

సోమవారం రిలీజులో ఏం చేశామంటే, ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే మధ్యలో మార్చుకునే బటన్ పెట్టాం. ఆ పనిలో వ్యూలో (టెంప్లేటుకి విలువలు అందించే కోడ్) "చైల్డ్" అన్న పేరు తీసేసి "వార్డ్" అని పెట్టాం. టెంప్లేట్లలో ఫైండ్ రీప్లేస్ కొట్టింది నేనే. ఏమని వెతికానో తెలుసా? రెండు మీసాల బ్రాకెట్లు, ఒక ఖాళీ, చైల్డ్, చుక్క. అంటే విలువలు అచ్చేసే చోట్లన్నీ దొరికాయి, మారాయి. క్యాష్ ట్యాగు మొదలయ్యేది ఒక మీసం, ఒక శాతం గుర్తుతో. అది నా వెతుకులాటకి చిక్కలేదు.

కాబట్టి పెట్టె లోపల అంతా "వార్డ్", పెట్టె తాళం మీద మాత్రం "చైల్డ్". ఇప్పుడు చైల్డ్ అనేవాడే లేడు. ఎర్రర్ ఎందుకు రాలేదు?

కరీంనగర్_అన్న · రాత్రి 11:36

రాదు. జాంగో టెంప్లేటుకు తెలువని పేరు చెప్తే నోరు మూసుకుని ఖాళీ ఇస్తది. లేని చైల్డ్‌కు లేని ఐడీ, అంటే ఖాళీ మాట. ఆ ఖాళీ మాటకు ఎండీ5 (మాటను కోడ్‌గ మార్చే లెక్క) తీసి కీ (దాచిన ముక్కను గుర్తుపట్టే పేరు) తయారు చేస్తది. ఎవరు లాగిన్ అయినా ఖాళీ ఖాళీనే గద, కీ ఒకటే. గంటల ఫస్ట్ వచ్చినోని బిడ్డ అందరికీ బిడ్డ.

ముందు ఆ ట్యాగు పీకి డిప్లాయ్ చెయ్యి. మాట తర్వాత.

ఇంకో మాట. షెల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి క్యాష్ క్లియర్ కొడ్తే పోతది అనుకునేవు. నీ షెల్ వేరే ప్రాసెస్, దాని డబ్బా వేరే. ఆ డబ్బా ఖాళీ అయితది, వర్కర్ల డబ్బాలు గట్లనే ఉంటయ్. రీస్టార్టే దిక్కు.

అర్ధరాత్రి_డిప్లాయ్ · అర్ధరాత్రి 12:04

పీకేశాను. రీస్టార్ట్ అయింది. ముగ్గురు తల్లిదండ్రులకి ఫోన్ చేసి చూడమన్నాను, ఎవరి పిల్లలు వాళ్లకే వస్తున్నారు.

షెల్ సంగతి నువ్వు చెప్పకముందే ఒకసారి కొట్టాను. ఏం మారకపోయేసరికి ఏడుపొచ్చింది. ఆ టైములో మేనేజరుకి ఫోన్ చేసి "క్యాష్ మొత్తం క్లియర్ చేశాను సార్" అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగి "ఎంత క్యాష్?" అన్నాడు. ఫీజుల పోర్టల్ కదా.

పాతకాపు · అర్ధరాత్రి 12:10

నవ్వు తర్వాత నవ్వుదాం. మీకు మొదటి కబురు ఎన్నింటికి అందింది? ఏడింటికా? సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం, సంగతి మీ దృష్టికి వచ్చిన 6 గంటల్లోపు వాళ్లకి తెలియజేయాలి. డేటా లీకు ఆ జాబితాలో ఉంది. అంటే ఒంటిగంట. మీకు 50 నిమిషాలుంది. పూర్తి వివరాలు లేకపోయినా ఫరవాలేదు, తెలిసినంత రాసి పంపండి, మిగతాది తర్వాత జతచేయొచ్చు.

ఇంకొకటి, ఇవి పిల్లల వివరాలు. బస్సు ఏ స్టాపులో ఎక్కుతారో కూడా ఉందన్నారు. బాకీ ఎంతో తెలిస్తే పరువు సమస్య. ఏ పిల్ల ఎక్కడ బస్సెక్కుతుందో తెలియడం వేరే సంగతి.

అర్ధరాత్రి_డిప్లాయ్ · అర్ధరాత్రి 12:19

మేనేజరు "సరిచేశాం కదా, నిద్రపోతున్న కుక్కని ఎందుకు లేపడం, పొద్దున్నే చూద్దాం" అంటున్నాడు.

పాతకాపు · అర్ధరాత్రి 12:22

200 మందున్న గ్రూపులో స్క్రీన్‌షాట్ తిరుగుతుంటే కుక్క ఎక్కడ పడుకుందండీ, ఊరంతా మొరుగుతుంటేనూ! 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో రక్షణ చర్యలు తీసుకోనందుకు జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల దాకా రాసుందని చెప్పండి. మీకు అంత పడుతుందని కాదు, ఆయన కుర్చీలోంచి లేవడానికి.

అర్ధరాత్రి_డిప్లాయ్ · అర్ధరాత్రి 12:51

పంపించాం. లేచాడు.

కరీంనగర్_అన్న · గురువారం ఉదయం 8:15

ఎవరి బిడ్డ ఎవరికి కనవడ్డదో తీసినవా?

అర్ధరాత్రి_డిప్లాయ్ · ఉదయం 8:40

అదే తల బద్దలు కొట్టుకుంటున్నా. గునికార్న్ యాక్సెస్ లాగులో ఏ రిక్వెస్టు ఏ ప్రాసెస్ చూసిందో రాయడం లేదు. రాయమని మేం అడగలేదు. కాబట్టి ఎవరు ఎవర్ని చూశారో జతలు కట్టలేను. పేజీ తెరిచినవాళ్ల జాబితా మాత్రం ఉంది.

కరీంనగర్_అన్న · ఉదయం 8:52

జతలు దొరకవు గని, పైలెక్క దొరుకుతది. సోమవారం రాత్రి 11 నుంచి బుధవారం అర్ధరాత్రి 12 దాకా 49 గంటలు. 50 అనుకో. ఒక్కో వర్కరు గంటకు ఒక్క పోరనినే దాస్తడు. నాలుగు యాభైలు 200. మూడు సార్లు రీస్టార్ట్ చేసినవ్ గద, ఇంకో 12. 212కు మించి పిల్లల వివరాలు బయటికి పోయే ఛాన్సు లేదు. నడిజామున ఎవరు చూస్తరు, అసలు లెక్క ఇంకా తక్కువే. డబ్బాల ఎవరు పడ్డరో తెలువది కాబట్టి ఆ టైముల పేజీ తెరిచిన అందరికీ చెప్పాలె. ఇంకో మార్గం లేదు.

ఫైనలియర్_కుర్రాడు · ఉదయం 9:30

అన్నా, నేను కొత్త. జాంగో టెంప్లేట్లని క్యాష్ చేసుకుంటుందని మా సర్ చెప్పారు, సెట్టింగ్ ఏం పెట్టకపోయినా. అంటే జాంగో వాడే అందరికీ ఈ రిస్క్ ఉన్నట్టేనా? ఆ క్యాష్ ఆపేయాలా?

పాతకాపు · ఉదయం 10:05

ఆపకండి బాబూ. మాట ఒకటే, వస్తువులు రెండు. అందరూ ఇక్కడే తడబడతారు.

మీ సర్ చెప్పింది టెంప్లేటు ఫైలుని చదివి, విడగొట్టి, సిద్ధం చేసిన రూపాన్ని దాచడం. అందులో "ఇక్కడ పేరు వేయి" అన్న ఖాళీ ఉంటుంది తప్ప పేరు ఉండదు. జాంగోలో 1.11 వెర్షన్ నుంచి లైవ్ సర్వర్లలో, 4.1 నుంచి డెవలప్‌మెంటులో కూడా అది దానంతటదే నడుస్తోంది. అది చద్దిదైతే నష్టం ఏమిటి? పాత డిజైను కనిపిస్తుంది. అచ్చు కాని పెళ్లి శుభలేఖల కట్ట లాంటిది, పేర్లు ఇంకా ఎక్కలేదు.

ఈ బాబుకి తగిలింది రెండోది. పేర్లు ఎక్కిన తర్వాత ఆ శుభలేఖని దాచుకుని, వచ్చినవాళ్లందరికీ అదే పంచడం.

అయితే మొదటిది పూర్తిగా అమాయకమైనదీ కాదు. 2024 సెప్టెంబరులో పీహెచ్‌పీ వాళ్ల ట్విగ్‌లో ఒక లోపం బయటపడింది, దాని నమోదు నంబరు సీవీఈ-2024-45411. ట్విగ్ అంటే పీహెచ్‌పీ భాషలో టెంప్లేటు ఇంజిను. ట్విగ్‌లో శాండ్‌బాక్స్ అని ఉంటుంది. బయటివాళ్లు రాసిన టెంప్లేటు ఏం ముట్టుకోవచ్చో, ఏం ముట్టుకోకూడదో అది కాపలా కాస్తుంది. మామూలుగా శాండ్‌బాక్స్ లేకుండా నడుపుతూ, ఫలానా టెంప్లేటుని మాత్రం శాండ్‌బాక్సులో పెట్టి కలుపు అన్నారనుకోండి. అదే టెంప్లేటు అంతకుముందే కాపలా లేకుండా లోడ్ అయి ఉంటే, ట్విగ్ "ఇది నా దగ్గర ఉందిలే" అని ఆ తనిఖీ చేయకుండానే వదిలేసేది. 3.14.0లో సరిచేశారు, పాత వరుసలకీ సవరణ ఇచ్చారు. దాచినదాని మీద "తనిఖీ అయింది, కాలేదు" అన్న గుర్తు లేకపోవడమే అక్కడ జబ్బు. ఇక్కడ "ఎవరిది" అన్న గుర్తు లేదు.

మా కాలంలో స్మార్టీ అనే పీహెచ్‌పీ టెంప్లేటు ఇంజిను వాడేవాళ్లం. అందులో డిస్‌ప్లే పిలిచేటప్పుడు రెండో మాటగా క్యాష్ ఐడీ ఇవ్వాలి. ఇవ్వకపోతే, లేక ఇచ్చిన వేరియబుల్లో ఏమీ లేకపోతే, అందరికీ ఒకే పేజీ. నేను ఆ గోతిలో పడ్డవాణ్ణే. అది ఒక చిట్‌ఫండ్ సైటు అని మాత్రం చెప్తాను, ఇంకేం చెప్పను.

డల్లాస్_వదిన · ఉదయం 10:20

నిద్రపోయే ముందు ఒకటి చెప్పి పోతా. మా రూబీ వాళ్లు "మా దగ్గర తెలియని పేరు రాస్తే ఎర్రర్ వస్తుంది, మీలా కాదు" అని గర్వపడతారు. సగమే నిజం. లోకల్ పేరైతే ఎర్రర్ వస్తుంది. ఎట్ గుర్తుతో మొదలయ్యే పేరైతే రాదు, నిల్ (ఖాళీ) వస్తుంది. క్యాష్ కీలో నిల్ పడితే ఇదే కథ.

నాకు తగిలింది వేరే రకం. కీ సరిగ్గానే ఉంది, పోస్టు ఐడీ, అప్‌డేట్ అయిన టైము. కానీ ముక్క లోపల "చూసేది అడ్మిన్ అయితే తొలగించు బటన్ చూపించు" అన్న షరతు ఉంది. పొద్దున్నే అడ్మిన్ పేజీ తెరిచాడు, బటన్‌తో సహా ముక్క దాచుకుంది. సాయంత్రం దాకా ఊళ్లో అందరికీ తొలగించు బటన్. నొక్కితే సర్వరు ఒప్పుకోలేదు కాబట్టి బతికాం. చూసేవాణ్ణి బట్టి మారేది ఏదైనా ముక్క లోపల ఉంటే, చూసేవాడు కీలో ఉండాలి. లేకపోతే ఆ మాట ముక్క బయటికి పోవాలి.

అన్నట్టు నీ పెట్టెలో కట్టు బటన్ ఉందా? దాన్ని నొక్కినవాళ్లు ఎవరి ఫీజు కట్టారు?

అర్ధరాత్రి_డిప్లాయ్ · ఉదయం 10:34

వదినా, రాత్రంతా నాకు అదే భయం. బటన్ లింకులో పిల్లాడి ఐడీ ఉంది. కానీ చెల్లింపు పేజీ మొదట్లోనే ఈ పిల్లాడు ఈ లాగిన్‌కి చెందినవాడా అని డేటాబేసుని అడుగుతుంది. 31 మంది నొక్కారు, 31 మందికీ "అనుమతి లేదు" వచ్చింది. ఆ రెండు లైన్లు రాసినవాడు ఉద్యోగం మారి వెళ్లిపోయాడు, ఇవాళ ఫోన్ చేసి థాంక్స్ చెప్పాను. ఎందుకో అతనికి అర్థం కాలేదు.

క్లౌడ్_రాజా · ఉదయం 11:15

ఓకే, సీడీఎన్ కాదు, ఒప్పుకున్నా. కానీ ఇది జాంగో బగ్ కదా? లేని పేరు మీద కీ కట్టడం ఏం లైబ్రరీ బ్రో? తప్పంతా నీ మీద వేసుకోకు.

కరీంనగర్_అన్న · ఉదయం 11:40

సగం సగం. చూడు, అదే ట్యాగుల 3600 ఉన్న చోట లేని పేరు పెడ్తే జాంగో లొల్లి చేస్తది, గడువు అంకె కాదని ఎర్రర్ ఇస్తది. కీ ఉన్న చోట లేని పేరు పెడ్తే మౌనం. గడువు తప్పితే ఏమైతది? అన్నం చద్దిదైతది. కీ తప్పితే పక్కోని పళ్లెం నీ ముందట పడ్తది. ఏది పెద్ద తప్పో దానికే సప్పుడు లేదు. ఇది నాకు నచ్చదు.

జింజాల (పైథాన్‌ల ఇంకో టెంప్లేటు ఇంజిను) స్ట్రిక్ట్ అన్‌డిఫైన్డ్ అని ఉన్నది, పెట్టుకుంటే లేని పేరు దగ్గర్నే ఆగిపోతది. ట్విగ్‌ల కూడా స్ట్రిక్ట్ వేరియబుల్స్ ఉన్నది. జాంగోల అసొంటి స్విచ్ లేదు. స్ట్రింగ్ ఇఫ్ ఇన్‌వాలిడ్ అని ఒకటి ఉన్నది గని, అది ఖాళీ బదులు నువ్వు చెప్పిన మాట పెడ్తది, గంతే. కీల ఖాళీ బదులు ఆ మాట పడ్తది, అందరికీ మళ్లా ఒకటే కీ. పైంగ కీ అనేది తెర మీద కనవడదు, నువ్వు పసిగట్టవు కూడా.

అట్లని తమ్మి తప్పు లేదా? ఉన్నది. పేరు మార్చినంక గ్రెప్ (ఫైళ్లల్ల మాట వెతికే కమాండ్) కొట్టి ఒక్క చైల్డ్ కూడా మిగల్లేదని చూసుకోవాలె గద.

బగ్గులమ్మ · మధ్యాహ్నం 12:30

టెస్టర్‌ని. ఇంతసేపు ఎవరూ టెస్టుల గురించి అడగలేదు, ఆశ్చర్యం! సోమవారం రిలీజుకి టెస్టులు పాసయ్యాయా?

అర్ధరాత్రి_డిప్లాయ్ · మధ్యాహ్నం 12:41

అన్నీ పచ్చగానే ఉన్నాయి మేడమ్. ఇప్పుడు చూస్తే టెస్టు సెట్టింగుల్లో డమ్మీ క్యాష్ పెట్టి ఉంది.

బగ్గులమ్మ · మధ్యాహ్నం 1:10

అనుకున్నా. డమ్మీ క్యాష్ అంటే దాచినట్టు నటించి ఏమీ దాచనిది. టెస్టుల మధ్య పాత డేటా అడ్డురాకుండా అందరూ పెట్టేదే, తప్పు కాదు. కానీ అప్పుడు క్యాష్ ట్యాగు ఉన్నా లేనట్టే. లైవ్‌లో మాత్రమే పుట్టే బగ్‌ని మీ టెస్టులు ఎప్పటికీ చూడవు.

ఈ ఒక్క టెస్టుకి మాత్రం నిజమైన క్యాష్ పెట్టండి. ఇద్దరు తల్లిదండ్రుల్ని సృష్టించండి, పిల్లలకి ఎక్కడా కలవని పేర్లు పెట్టండి. మొదటివారితో పేజీ తెరవండి. క్యాష్ తుడవకుండా రెండోవారితో తెరవండి. రెండో పేజీలో మొదటి పిల్లాడి పేరు ఉండకూడదు. రెండో పిల్లాడి పేరు ఉంది అని చూడటం చాలదు, మొదటివాడు లేడు అని కూడా చూడాలి. తర్వాత వరస తిరగేసి ఇంకోసారి. మా టీములో దీన్ని తోడికోడళ్ల టెస్టు అంటాం. ఒకామె డబ్బా ఇంకొకామె తెరిస్తే తనది కానిది కనిపించకూడదు.

చేత్తో టెస్టు చేసేవాళ్లు కూడా ఒకే లాగిన్‌తో రోజంతా గడిపేస్తారు. నేనూ చేశాను. రెండు బ్రౌజర్లు, రెండు లాగిన్లు పక్కపక్కన తెరిచి పెట్టుకోవడం బద్ధకం, అంతే.

ఫైనలియర్_కుర్రాడు · మధ్యాహ్నం 1:25

ఒక డౌటు. బయట క్యాష్ పెట్టకపోతే, టెంప్లేటులో కీ సరిగ్గా ఉంటే ఇంక సేఫేనా?

పాతకాపు · మధ్యాహ్నం 2:00

మీరు పెట్టకపోయినా దారిలో ఎవరైనా పెట్టి ఉండొచ్చు. 2023 మేలో ఇంకో పైథాన్ ఫ్రేమ్‌వర్క్ ఫ్లాస్క్‌లో సీవీఈ-2023-30861 వచ్చింది. కొన్ని పరిస్థితుల్లో అది సెషన్ కుకీని తాజా చేసి పంపుతూ, "ఈ జవాబు కుకీని బట్టి మారుతుంది" అని చెప్పే వేరీ హెడర్ పెట్టడం మరిచేది. ముందు ఒక ప్రాక్సీ (మధ్యవర్తి సర్వరు) ఉండి, అది కుకీలతో సహా జవాబుని దాచుకునే రకమైతే, ఒకరి కుకీ ఇంకొకరికి పోతుంది. 2.3.2, 2.2.5లలో సరిచేశారు. ఇది టెంప్లేటు దాటిన సంగతి, ఈ చర్చలో ఇంతకంటే వద్దు.

డల్లాస్_వదిన · రాత్రి 7:50

లేచాను. అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఒక పిల్లాడి బాకీ తీయడానికి క్యాష్ ఎందుకు? ఆ ప్రశ్నకి డేటాబేసు ఎంతసేపు తీసుకుంటుంది?

అర్ధరాత్రి_డిప్లాయ్ · రాత్రి 8:15

కొలిచాను వదినా. 3 మిల్లీసెకన్లు.

రెండేళ్ల కింద జూన్‌లో, అడ్మిషన్ల సీజన్లో, సైటు పడకేసింది. అప్పుడు ఆ ప్రశ్న రెండు సెకన్లు తీసుకునేది, టేబులుకి ఇండెక్స్ లేదు. రాత్రికి రాత్రి ఎవరో ఈ క్యాష్ ట్యాగు పెట్టారు. వారం తర్వాత ఇంకెవరో ఇండెక్స్ పెట్టారు. ట్యాగు తీయడం ఎవరికీ గుర్తులేదు. రెండేళ్లుగా ఏ పనీ లేకుండా కూర్చుని, సోమవారం పనిలో దిగింది.

పైగా అదున్నన్నాళ్లూ ఫీజు కట్టినవాళ్లకి గంటదాకా బాకీ పాతదే కనిపించేది. "కట్టినా బాకీ చూపిస్తోంది" అని స్కూలుకి ఫోన్లు వస్తే "బ్యాంకు నుంచి ఆలస్యం అండీ" అని చెప్పేవాళ్లట. పాపం బ్యాంకు.

అర్ధరాత్రి_డిప్లాయ్ · శుక్రవారం రాత్రి 9:20

ఇప్పటిదాకా చేసింది చెప్తాను. ట్యాగు పూర్తిగా తీసేశాం. మిగతా టెంప్లేట్లలో గ్రెప్ కొడితే ఇంకో రెండు క్యాష్ ట్యాగులు దొరికాయి. ఒకటి సెలవుల జాబితా, అందరికీ ఒకటే, ఉంచాం. రెండోది హాజరు ముక్క, దాని కీలో సెక్షన్ ఐడీ ఉంది, లోపల ఒక్కో పిల్లాడి హాజరు. అది ఏడాదిగా లైవ్‌లో ఉంది. ఒకే సెక్షన్లో అందరికీ ఒకే పిల్లాడి హాజరు చూపించిందేమో, ఎవరూ ఫిర్యాదు చేయలేదు. దాన్ని కూడా పీకి, ఇంకో నోటీసు రాశాం. మేనేజరు ఈసారి ఎదురు చెప్పలేదు.

క్యాష్ కావాల్సిన చోట్ల కీని టెంప్లేటులో రాయడం మానేశాం. పైథాన్‌లో ఒక ఫంక్షన్ ఉంది, అది ఐడీ అంకె కాకపోతే అక్కడికక్కడే పడిపోతుంది. పేజీ ఎర్రర్ అయినా పర్వాలేదు అనుకున్నాం. బగ్గులమ్మ గారి టెస్టు అన్ని పేజీలకీ పెట్టాం, పేరు కూడా అదే పెట్టాం. లాగిన్ ఉన్న పేజీలన్నిటికీ నో-స్టోర్ హెడర్ (ఈ పేజీని ఎక్కడా దాచొద్దని చెప్పేది) కూడా వెళ్తోంది. గునికార్న్ లాగులో ప్రాసెస్ నంబరు రాయిస్తున్నాం.

పేజీ తెరిచిన అందరికీ స్కూలు పేరు మీద ఉత్తరం వెళ్లింది. బస్సు స్టాపు సంగతి విడిగా రాశాం. ఎల్‌కేజీ పాప వాళ్లమ్మ ఫోన్ చేసి పావుగంట తిట్టింది. విన్నాను. పాప స్టాపు మార్పించుకుంది.

కరీంనగర్_అన్న · రాత్రి 9:41

మంచిగ చేసినవ్ తమ్మీ. మరి గ్రూపుల ఉన్న స్క్రీన్‌షాట్?

అర్ధరాత్రి_డిప్లాయ్ · రాత్రి 9:50

పెట్టినాయన్ని అడిగితే డిలీట్ చేశాడు. అప్పటికే ఎంతమంది సేవ్ చేసుకున్నారో ఎలా తెలుస్తుందన్నా.

బగ్గులమ్మ · శనివారం ఉదయం 10:05

డెమో కుమార్ ఇంకా ఎవరికైనా కనిపిస్తున్నాడా?

అర్ధరాత్రి_డిప్లాయ్ · ఉదయం 10:30

నిన్న ఒకాయనకి కనిపించాడు మేడమ్. కంగారుపడి చూస్తే బుధవారం తెరిచిన ట్యాబ్ ఆయన ఫోన్లో అలాగే ఉంది. మూసేసి మళ్లీ తెరవమన్నాను, సరిపోయింది.

ఇంకోటి. డెమో కుమార్‌కి బాకీ 1 రూపాయి పెట్టాను, టెస్టు కోసం. బుధవారం రాత్రి ఆన్‌లైన్లో కట్టబోతే "అనుమతి లేదు" వచ్చిందని, ఒక తాతగారు గురువారం పొద్దున్నే స్కూలు కౌంటరుకెళ్లి, ఆ రూపాయి చేతిలో పెట్టి రసీదు ఇవ్వమన్నాడట. క్యాషియరు అరగంట రిజిస్టర్లన్నీ వెతికిందట, ఈ కుమార్ ఏ సెక్షనా అని.